లెక్క చేయని మనిషి

తడలో తెల్లవారకముందే టీ అంగళ్లు తెరుస్తారు. అయిదున్నరకల్లా రోడ్డు పక్కన మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. సూళ్లూరుపేట నుంచి కొందరు, శ్రీకాళహస్తి వైపు నుంచి కొందరు, సరిహద్దు దాటి గుమ్మిడిపూండి నుంచి ఇంకొందరు. ఫస్ట్ షిఫ్టు బస్సులు వాళ్లను ఎక్కించుకుని శ్రీసిటీలోకి పోతాయి. మెట్రో రైలు పెట్టెలు, ఇసుజు బండ్లు, క్యాడ్బరీ చాక్లెట్లు తయారయ్యే చోటు అది. అంగడివాడు ఒకరికి తెలుగులో చిల్లర ఇస్తాడు, పక్కవాడికి తమిళంలో. ఎవరికీ అది వింతగా తోచదు.

ఆ బెంచీ మీదే ఒకసారి సత్యవేడు పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. మాటల్లో మాటగా, "మీదే ఊరు తాతా?" అన్నాను.

"సత్యవేడే నాయనా. కాకపోతే నేను పుట్టింది మద్రాసు రాష్ట్రంలో."

"మరి ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

"మేం ఎక్కడికీ రాలేదు, ఎక్కడికీ పోలేదు. మా ఇల్లు జానెడు కూడా జరగలేదు. గీతే జరిగింది." టీ గ్లాసు కింద పెట్టి, వేలితో బెంచీ మీద అడ్డంగా ఒక గీత గీసి, అరచేత్తో చెరిపేశారు.

ఆయన చెప్పింది నిజమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు సత్యవేడు నేల మనది కాదు. చెంగల్పట్టు జిల్లా పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లో కలిసి మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సరిహద్దు తగవు మీద పటాస్కర్ తీర్పు తర్వాత 1960 ఏప్రిల్ 1న సత్యవేడు ఇటు వచ్చింది, తిరుత్తణి అటు పోయింది. పెద్దాయన ఆ గీత గీసిన రోజు నుంచి నాకు ఒక విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఈ మట్టిని ఒకసారి ఏలారు. 1946లో ఉమ్మడి మద్రాసుకు ప్రధానమంత్రి అయినప్పుడు సత్యవేడు ఆయన పాలనలోనిదే. ఏడేళ్ల తర్వాత, జీవితమంతా కోరుకున్న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఈ ఊళ్లు ఆయన చేతిలో లేవు. మద్రాసు నగరమూ లేదు. ఆయన కథంతా అంతే. దేన్ని పట్టుకున్నా చేతికి అందినట్టే అంది జారిపోయింది. అందుకు కారణం పగవాళ్లో తలరాతో అనుకుంటే పొరపాటు. ఆయనకు లెక్క రాదు. మనం తెలుగులో ధైర్యవంతుణ్ణి పొగడాలన్నా "లెక్క చేయడు" అంటాం, ఇల్లు గుల్ల చేసుకునేవాణ్ణి తిట్టాలన్నా అదే మాట అంటాం. పంతులుగారి విషయంలో రెండూ ఒకటే.

1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య పోయేనాటికి పిల్లవాడికి పదకొండేళ్లు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టింది. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. వండి వార్చి, వచ్చినవాళ్లకు విస్తరికింత అని పుచ్చుకుని బతకడం. ఒక బ్రాహ్మణ వితంతువు ఆ పనికి దిగడం ఆ రోజుల్లో తల ఎత్తుకు తిరిగే విషయం కాదు. ఎన్ని విస్తళ్లు లేచాయి, ఎన్ని అణాలు మిగిలాయి అని ఆమె రోజూ రాత్రి లెక్కేసుకుని ఉంటుంది. ఆ లెక్క మాత్రం కొడుకుకు అబ్బలేదు. ఇంట్లో డబ్బు లేకపోతే బడిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీశారు. రాజమండ్రి పోతూ శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పోయారు. అక్కడ చదువు సగం, నాటకాలు సగం. ఆడవేషాలు కూడా కట్టాడు. తర్వాత ప్లీడరీ. ముప్పై రెండేళ్లు నిండకముందే ఆ ఊరికి మునిసిపల్ ఛైర్మన్. పూటకూళ్లమ్మ కొడుకు గోదావరి ఒడ్డున అంతటివాడు కావడం చిన్న సంగతి కాదు. ఇంకొకరైతే అక్కడే స్థిరపడి నాలుగు మేడలు కట్టేవారు.

ఆయన ఇంగ్లండు ఓడ ఎక్కారు. మాంసం ముట్టనని, మద్యం తాగనని తల్లికి మాట ఇచ్చి మరీ వెళ్లారు. 1907లో బారిస్టరై మద్రాసులో దిగారు. ఆ తర్వాతి పద్నాలుగేళ్లు హైకోర్టులో ఆయన సంపాదించినది ఆ కాలంలో తెలుగు లాయర్లు కలలో కూడా చూసి ఉండరు. 1921లో గాంధీగారి పిలుపుకు ఆ ప్రాక్టీసును వదిలేశారు. ఆ సంవత్సరమే "స్వరాజ్య" పత్రిక పెట్టారు. ఒక భాష చాలదని ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడింట్లోనూ నడిపారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి హేమాహేమీలు అక్కడ పనిచేశారు. పత్రికకు పేరు వచ్చింది, డబ్బు రాలేదు. కోర్టులో సంపాదించిన సొమ్ము అచ్చు యంత్రం నోట్లో పోశారు. పదేళ్లు దాటి నడిచి, పత్రిక మూతపడేనాటికి ఆయన దగ్గర మిగిలింది ఖద్దరు.

పత్రిక వాళ్లం కాబట్టి ఆ నష్టం మాకు కొంచెం ఎక్కువ అర్థమవుతుంది. కాగితం వాడికి బాకీ, సిరా వాడికి బాకీ, జీతాలు ఈ నెలవి వచ్చే నెల. అది మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

అమెరికా తొలితరం నాయకుల్లో రాబర్ట్ మోరిస్ అని ఒకాయన ఉన్నాడు. వాళ్ల స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు, యుద్ధానికి డబ్బు సమకూర్చినవాడు. చివరికి భూముల వ్యాపారంలో మునిగి, బాకీలు తీర్చలేక 1798లో ఫిలడెల్ఫియా జైల్లో పడ్డాడు. మూడేళ్లకు పైగా ఉన్నాడు. ప్రకాశంగారి కథ చెప్పేటప్పుడు నాకు మోరిస్ గుర్తొస్తాడు. అయితే మోరిస్ లెక్కలు వేసి వేసి, ఆశకు పోయి చెడ్డాడు. మనవాడు అసలు లెక్కే వేయక చెడ్డాడు. జైలుకు ఇద్దరూ వెళ్లారు. ఒకరు అప్పులకు, ఒకరు దేశానికి.

అందరికీ తెలిసిన ఘట్టం 1928 ఫిబ్రవరి 3 నాటిది. సైమన్ కమిషన్ బొంబాయిలో కాలు పెట్టిన రోజు. మద్రాసులో హర్తాళ్. హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్‌లో జనం చేరారు. పోలీసులు కాల్చారు. పార్థసారథి అనే యువకుడు పడిపోయాడు. ఆ శవాన్ని చూడాలని ప్రకాశంగారు ముందుకు నడిచారు. తుపాకులు అడ్డం పెట్టి, అడుగు ముందుకు వేస్తే కాలుస్తామన్నారు. ఆయన చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించారు. అప్పటికి యాభై అయిదేళ్ల మనిషి. నిన్నటి దాకా అదే హైకోర్టులో నల్లగౌను వేసుకుని వాదించిన మనిషి. పోలీసులు దారి ఇచ్చారు. ఆంధ్రకేసరి అన్న పేరు అక్కడ పుట్టింది. ఈ కథను మనం చిన్నప్పుడు బళ్లో ఊగిపోతూ చెప్పుకున్నాం. ఒకటి మాత్రం అప్పుడు తోచలేదు. ఎదుట ఎన్ని తుపాకులున్నాయో లెక్కపెట్టనివాడు రేపు శాసనసభలో ఎదుట ఎన్ని చేతులున్నాయో కూడా లెక్కపెట్టడు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. జమీందారీ రైతుల గతి చూడడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు. ఆ తర్వాత మళ్లీ జైళ్లు. 1946 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచింది. ఢిల్లీ పెద్దల మనసులో ఉన్నది రాజాజీ. ప్రజలిచ్చే పర్సులు ప్రకాశంగారు పుచ్చుకోవడం గాంధీగారికి నచ్చలేదు. అయినా తమిళ నాయకులు తమలో తాము చీలడంతో శాసనసభా పక్షం ప్రకాశంగారిని ఎన్నుకుంది. ముత్తురంగ మొదలియార్‌కు 69, ఈయనకు 82. ఏప్రిల్ 30న ప్రమాణం చేశారు. డెబ్బై మూడేళ్లు.

ఈ పదకొండు నెలల పాలన గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు మాత్రం శ్రీసిటీ గేటు ముందు నుంచి పోయేటప్పుడల్లా అదే గుర్తొస్తుంది. యుద్ధం అయిపోయిన కొత్తలో మద్రాసు రాష్ట్రానికి కొత్త నూలు మిల్లుల కోటా ఉంది. కదుర్లు తెచ్చి పెట్టుకోవడమే తరువాయి, డబ్బున్నవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ప్రధానమంత్రిగా ప్రకాశంగారు వద్దన్నారు. కొత్త మిల్లులు అక్కర్లేదు, ఊళ్లోవాళ్లు వడుకుతారు, ఊళ్లోవాళ్లు నేస్తారు, ఊళ్లోవాళ్లే కట్టుకుంటారు అన్నారు. ఫిర్కాను, అంటే కొన్ని ఊళ్ల గుంపును, ఒక లెక్కగా తీసుకుని పల్లెలను బాగుచేసే పథకం మొదలుపెట్టారు. ఆ ఆలోచనను గాంధీగారు బలపరిచారు. సొంత పక్షంలోని వాళ్లు బలపరచలేదు. మిల్లుల యజమానులకు కోపం, తమిళ నాయకులకు కోపం, తెలుగు నాయకుల్లోనే చీలిక. 1947 మార్చి 23న కుర్చీ ఓమందూరు రామస్వామి రెడ్డియార్‌ది అయింది. స్వతంత్రం వచ్చిన రోజుకు ప్రకాశంగారు మాజీ.

ఆ నిర్ణయం తప్పా ఒప్పా? తప్పే అనుకుంటాను. మిల్లులు ఆగితే పల్లెలు బాగుపడతాయన్నది మంచి మనసుకు తోచిన చెడ్డ లెక్క. ఆయన అప్పుడు ఏలిన ఈ నేల మీద, అరవై రెండేళ్ల తర్వాత, 2008 ఆగస్టులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి శ్రీసిటీని ప్రారంభించారు. ఇప్పుడు ఆ పిల్లలు షిఫ్టు బస్సు ఎక్కకపోతే సత్యవేడు, వరదయ్యపాళెం ఇళ్లల్లో పొయ్యి వెలగదు. అయినా ఒక సంగతి ఉంది. కోటా కాగితాల మీద ఒక్కొక్క సంతకం ఎంత ధర పలికేదో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. ఇంట్లో కానీ లేని మనిషి ఆ కలాన్ని మూతపెట్టి కూర్చున్నాడు. దాన్ని తప్పు అని తేలిగ్గా రాసేయడానికి నాకు చెయ్యి రాదు.

తర్వాత మద్రాసు నగరం పోయింది. నిజానికి ఆయనకు ఏ కుర్చీ పోయినా ఇంత దుఃఖం కలగలేదనిపిస్తుంది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ఇచ్చిన నివేదిక, నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అంది. ఆ ఏడే విభజన కమిటీ కూర్చుంది. అందరూ ఒక మాట మీదికి వస్తున్న వేళ ప్రకాశంగారు ఒక్కరే విడిగా కాగితం రాసి పెట్టారు, నగరాన్ని వదలనని. ఆ ఒక్క కాగితం మూలంగా రాష్ట్రం వెనక్కి పోయిందని ఆయన్ను తిట్టినవాళ్లు ఉన్నారు. ఆయన యవ్వనం ఆ నగరం హైకోర్టులో ఉంది, సంపాదన ఆ నగరం అచ్చు యంత్రాల్లో ఉంది. రొమ్ము విప్పిన కూడలి అక్కడే ఉంది. ఎలా వదలమంటారు? 1952 డిసెంబరు 15న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు యాభై ఎనిమిది రోజుల నిరాహారదీక్షతో కన్నుమూశారు. రాష్ట్రం ఇస్తామన్నారు. మద్రాసు ఇవ్వలేదు. కొన్నాళ్లు తాత్కాలిక రాజధానిగా ఉంచుకుంటామన్నా ఆ గడప తెరుచుకోలేదు.

ఏ కాంగ్రెస్ అయితే కుర్చీలోంచి దించిందో, విసిగి ఆయన బయటికి పోయి వేరే పార్టీ కట్టుకునేలా చేసిందో, అదే కాంగ్రెస్ 1953లో మళ్లీ పిలిచింది. ఆయన్ను మించి అందరూ ఒప్పుకునే పేరు ఇంకొకటి లేదు. అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించారు. కోస్తా, రాయలసీమ నాయకులు అంతకుముందు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు వచ్చింది కానీ, రాజధానికి కావలసిన ఇళ్లు రాలేదు. గుడారాల్లో కచేరీలు. గుడారంలో ఫైలు, ఫైలు మీద కంకరరాయి, గాలికి ఎగిరిపోకుండా. ఎనభై ఒక్క ఏళ్ల ముఖ్యమంత్రి. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి.

పదమూడున్నర నెలలే నడిచింది ఆ ప్రభుత్వం. ఆ కొద్దికాలంలోనే గుంటూరులో హైకోర్టు పెట్టారు. బెజవాడ దగ్గర తెగిపోయిన పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీకి 1954లో పని మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ చివరిది మాకు సొంత ఇంటి సంగతి. అంతకుముందు చిత్తూరు పిల్లవాడు పెద్ద చదువు చదవాలంటే మద్రాసు రైలెక్కాలి, లేదంటే దూరాన వాల్తేరు పోవాలి. మద్రాసు పరాయిదైపోయిన మరుసటి సంవత్సరమే కొండ కింద విశ్వవిద్యాలయం లేచింది. తిరుపతి తమదేనని అవతలివాళ్లు ఇంకా వాదిస్తున్న రోజులవి.

ఆ ప్రభుత్వాన్ని కూల్చింది కల్లు. మద్యనిషేధం వల్ల గీత కార్మికుల కుటుంబాలు వీధిన పడ్డాయి. నిషేధం ఎత్తేయమని గౌతు లచ్చన్న ముందు నిలబడి ఆందోళన నడిపారు. ప్రభుత్వం వేసిన ఎస్.వి. రామమూర్తి కమిటీ కూడా నిషేధం వల్ల లాభం లేదనే చెప్పింది. ఎత్తేస్తే గీత కార్మికులు చల్లబడేవారు, ఖజానాకు డబ్బు వచ్చేది, కుర్చీ నిలిచేది. మూడు లాభాలు, అన్నీ కళ్ల ముందే. గాంధీగారి పేరు చెప్పుకుని వచ్చిన ప్రభుత్వం కల్లు దుకాణం తెరవడమా అన్న చోట అంతా ఆగిపోయింది. కమ్యూనిస్టులు అవిశ్వాసం పెట్టారు. మిగతా ప్రతిపక్షం కలిసింది. 1954 నవంబరు 6న ఓట్లు లెక్కపెట్టారు. వ్యతిరేకంగా 69. అనుకూలంగా 68.

ఒక్క ఓటు. తెన్నేటి విశ్వనాథం వంటి ఆప్తులు పక్కన ఉన్నారు. అటువైపు ఒకరిని ఆ పూట ఇంట్లో ఉంచగలిగినా సరిపోయేది. రాజకీయాల్లో అది విద్య కూడా కాదు, అలవాటు. ఈయనకు ఆ అలవాటు లేదు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికలయ్యాక ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి.

ఆ తర్వాత ఆయనకు పదవి లేదు. ఆస్తి అంతకుముందే లేదు. ఆత్మకథ "నా జీవిత యాత్ర" కూడా పూర్తి కాలేదు. చివరి భాగం తెన్నేటి రాయాల్సి వచ్చింది. తన కథలో తన పాలన గురించి, తన పతనం గురించి తనే చెప్పుకునే అవకాశం కూడా జారిపోయింది. ఎవరి మీదా నిందవేయకుండా పోవడానికి అదొక దారి అయిందేమో.

1957 మే. కృత్తిక కార్తె. మా వైపు ఆ రోజుల్లో పది దాటితే కుక్క కూడా చెట్టు కింద నుంచి లేవదు. ఎనభై నాలుగేళ్ల మనిషి ఒంగోలు చుట్టుపక్కల హరిజనవాడలు తిరుగుతున్నారు. పదవి కోసం కాదు, ఎన్నికలూ లేవు. ఎండదెబ్బ తగిలింది. హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోయారు. మే 20న పోయారు.

బెజవాడ బ్యారేజీ ఆ ఏడే పూర్తయింది. దానికి ఆయన పేరు పెట్టారు. ఒంగోలు జిల్లాకు 1972లో పెట్టారు. పోయిన మూడేళ్లకు సత్యవేడు ఇటు వచ్చింది, ఆయన చూడలేదు.

మొన్న మే నెలలో మళ్లీ తడలో దిగాను. మధ్యాహ్నం రెండు దాటింది. ఫస్ట్ షిఫ్టు విడిచారు. బస్సు దిగిన ఆడపిల్లలు చున్నీలు తలమీద కప్పుకుని, తారు కాలకుండా రోడ్డు అంచున మట్టిలో వరసగా నడుస్తున్నారు. టీ అంగడి బెంచీ మీద పెద్దాయన లేరు. అడిగితే, "ఎండలకు ఇల్లు కదలొద్దని కొడుకు చెప్పాడంట సార్," అని అంగడివాడు గ్లాసు కడుగుతూ చెప్పి, ఎవరో పిలిస్తే తమిళంలో జవాబిస్తూ అటు తిరిగాడు.